ఆట ఎప్పుడు అయిపోతుంది?

దసరా సెలవులు అయిపోయాక ఒక ఆదివారం పొద్దున్నే కూర్చుని బ్యాంకు ఖాతా చూసుకుంటున్నాను. గ్యాస్, కరెంటు బిల్లు, పాలు, వ్యాన్ ఫీజు... వీటి మధ్యలో నాకు తెలియని లెక్క ఒకటి కనబడింది. 80 రూపాయలు ఆరుసార్లు, 160 రూపాయలు నాలుగుసార్లు, 800 రూపాయలు ఒకసారి. మొత్తం 1,920 రూపాయలు. అన్నీ ఒక మొబైల్ గేమ్‌కి వెళ్లినవే, మా ఆవిడ ఫోన్ నుంచి.

ఎవరో సైబర్ దొంగల పని అనుకుని 1930కి ఫోన్ చేయబోతుంటే మావాడే వచ్చి నిలబడ్డాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. "యూపీఐ పిన్ నీకెలా తెలిసిందిరా?" అని అడిగితే, "పెరుగు ప్యాకెట్ తెమ్మని మీరే ఫోన్ ఇచ్చి పంపిస్తారు కదా డాడీ" అన్నాడు. నిజమే. పిన్ వాడు దొంగిలించలేదు. మేమే చెప్పాం.

తర్వాత ఏ ఇంట్లోనైనా జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. అరిచాను. ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేశాను. వాడు అన్నం తినలేదు, వాళ్లమ్మ నాతో మాట్లాడలేదు. మూడో రోజు రాత్రి వాడు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు: "డాడీ, నేను గేమ్ ఆడటం తప్పా, డబ్బులు పెట్టడం తప్పా?"

"రెండూ తప్పే, పోయి పడుకో" అన్నాను. కానీ అది జవాబు కాదని నాకే తెలుసు. ఎందుకంటే నేనూ వీడియో గేమ్ ఆడి పెరిగినవాణ్నే.

మా కాలంలో మూడు ప్రాణాలు

తొంభైల్లో మా ఊరి బస్టాండ్ వెనకాల ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. చిన్న గది, నాలుగు టీవీలు, ఒక్కో టీవీ ముందు ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనక చూస్తూ నిలబడ్డవాళ్లు పది మంది. అరగంటకి ఇంత అని లెక్క. 1985లో వచ్చిన సూపర్ మారియో, 1987లో వచ్చిన కాంట్రా మా ఊరికి చేరేసరికి పాతబడిపోయాయి గానీ మాకు మాత్రం అవే కొత్త. కాంట్రాలో పైకి రెండుసార్లు, కిందకి రెండుసార్లు, ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, కుడి నొక్కి ఆఖర్న రెండు బటన్లు కొడితే మూడు ప్రాణాలు ముప్ఫై అవుతాయన్న రహస్యం తెలిసినవాడు క్లాసులో హీరో.

మా నాన్న ఒకసారి నన్ను ఆ షాపులోంచి చెవి పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చారు. "ఈ టీవీ ఆటలతో నువ్వు పనికిరాకుండా పోతావు" అన్నారు. ఇప్పుడు నేను మావాడితో అంటున్న మాట కూడా అదే. కాబట్టి "మా రోజుల్లో ఇవేమీ లేవు" అని నేను అనలేను. ఉన్నాయి, ఆడాం, తిట్లు తిన్నాం.

అయితే ఒక తేడా ఉంది. ఆ ఆటలు అయిపోయేవి. మారియోకి ఉన్నవి మూడు ప్రాణాలు. అవి పోతే తెర మీద గేమ్ ఓవర్ అని పడేది. జేబులో డబ్బులు అయిపోతే షాపాయన లేపేసేవాడు. ఆఖరికి రాత్రి ఎనిమిదింటికి షట్టర్ దించేవాడు. మేమేమీ ఇప్పటి పిల్లలకన్నా బుద్ధిమంతులం కాదు. మమ్మల్ని ఆపడానికి ఆటలోనూ, షాపులోనూ, జేబులోనూ ఏదో ఒకటి ఉండేది. అంతే.

2023 డిసెంబరులో జరిగిన ఒక సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. అమెరికాలో 13 ఏళ్ల కుర్రాడొకడు టెట్రిస్ ఆడుతూ 157వ లెవెల్ దాకా వెళ్లాడు. అక్కడ ఆట ఇక నడవలేక స్తంభించిపోయింది. పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఈ ఆటను 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారుచేశారు. ఆ అబ్బాయి ఆడినది 1989లో వచ్చిన నింటెండో వెర్షన్. అన్నేళ్లలో దాన్ని అక్కడిదాకా తీసుకెళ్లిన మొదటి మనిషి వాడే. ఆట ఆగిపోగానే కుర్చీలో వెనక్కి వాలి, తలపట్టుకుని వాడు పడ్డ సంబరం వీడియోలో చూశాను. ఒక ఆటని చివరిదాకా ఆడిన ఆనందం అది.

మావాడు ఆడే ఆటలో ఆ ఆనందం వాడికి ఎప్పటికీ దొరకదు. దానికి చివర అనేదే లేదు.

"ఇంకో ఐదు నిమిషాలు" ఎందుకంటాడు?

బీరువా తాళం తీశాక నేనొక పని చేశాను. వాడి పక్కన కూర్చుని వారం రోజులు వాడి ఆట చూశాను. దాని పేరు ఇక్కడ అనవసరం, ఇలాంటివి డజన్లు ఉన్నాయి.

మొదట తెలిసింది ఏమిటంటే, ప్రతి రోజూ ఆట తెరిచినందుకే ఒక బహుమతి. ఏడు రోజులు వరసగా తెరిస్తే పెద్ద బహుమతి. ఒక రోజు మానేస్తే లెక్క మళ్లీ మొదటికి. దీని పైన సీజన్ అని ఒకటి. కొన్ని వారాల్లో అది ముగిసేలోపు ఇన్ని పాయింట్లు తెచ్చుకోకపోతే ఆ డ్రెస్సు, ఆ తుపాకి మళ్లీ దొరకవు. సీజన్ అయిపోతే ఇంకో సీజన్. అత్తారింటి మర్యాదల్లాగా, ఒకటి అయిందనుకునేలోపు ఇంకొకటి.

రెండోది నాకు కళ్లు తెరిపించిన విషయం. ఇలాంటి ఆటల్లో చాలావాటిలో వంద మంది ఒక దీవి మీద దిగుతారు, ఆఖరికి మిగిలినవాళ్లు గెలుస్తారు. చివరిదాకా నిలబడితే ఒక్కో మ్యాచ్ అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఆపే వీలు లేదు. మావాడు ఒక్కడే ఆడటం లేదు, వాడి క్లాసు పిల్లలు ముగ్గురు జట్టుగా ఆడుతున్నారు. నేను "ఇక చాలు, ఆపు" అన్నప్పుడు వాడు ఆపేస్తే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, మర్నాడు స్కూల్లో మాట పడాల్సింది వీడే. గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ అయిపోగానే ఇంటికి పారిపోయేవాణ్ని మనం ఏమనేవాళ్లమో గుర్తు తెచ్చుకోండి.

కాబట్టి "ఇంకో ఐదు నిమిషాలు డాడీ" అన్నది ప్రతిసారీ అబద్ధం కాదు. ఇప్పుడు మా ఇంట్లో లెక్క నిమిషాల్లో లేదు. మ్యాచ్‌ల్లో ఉంది. "రెండు మ్యాచ్‌లు" అంటాం. రెండోది అవగానే ఫోన్ ఇచ్చేయాలి. ఈ ఒక్క మార్పుతో మా ఇంట్లో సగం గొడవలు తగ్గాయి.

వజ్రాల్లో లెక్క, రూపాయల్లో నష్టం

మూడోది డబ్బు. మావాడు 1,920 రూపాయలు ఖర్చుపెట్టినట్టు వాడికే తెలియదు. వాడి లెక్కలో వాడు కొన్నవి వజ్రాలు. ఒక డ్రెస్సుకి ఇన్ని వజ్రాలు కావాలి. మీ దగ్గర కొన్ని తక్కువుంటాయి. ఆ తక్కువైనన్నే కొనే వీలుండదు, పెద్ద ప్యాకెట్ కొనాలి. కొంటే కొన్ని మిగులుతాయి. మిగిలినవి ఊరికే పోతాయని ఇంకొన్ని కొంటారు. రూపాయి ఎక్కడా కనబడదు. పండగ షాపింగ్‌కి వెళ్లినప్పుడు కూపన్ వాడుకోవాలని ఇంకో రెండు చీరలు కొని ఇంటికొచ్చే పెద్దవాళ్లకి ఈ కిటుకు కొత్తేమీ కాదు. పన్నెండేళ్ల పిల్లాడికి మాత్రం కొత్త.

దీనికంటే గట్టిది లూట్ బాక్స్. డబ్బులు కట్టి పెట్టె తెరవాలి, లోపల ఏముందో ముందు తెలియదు. మన జాతరల్లో రింగులు విసిరే ఆట, లాటరీ చీటీ, ఇది ఒకే కుటుంబం. 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ కొన్ని పేరున్న ఆటల్లోని లూట్ బాక్సులు జూదం చట్టం కిందకే వస్తాయని తేల్చింది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లు చెల్లించేలా ఒప్పందానికి వచ్చింది. అందులో 27.5 కోట్లు పిల్లల సమాచారం విషయంలో జరిమానా. మిగతా 24.5 కోట్లు, బటన్ల అమరికతో అనుకోకుండా కొనేలా చేశారన్న ఆరోపణ మీద ఆటగాళ్లకి తిరిగి ఇవ్వడానికి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, పిల్లాడికి మనోనిబ్బరం లేదని మనం ఇంట్లో కొట్టుకుంటున్నాం. అవతల ఆ నిబ్బరాన్ని ఎక్కడ, ఏ నిమిషంలో, ఏ రంగు బటన్‌తో సడలించాలో లెక్కలు వేసే ఉద్యోగులు ఉన్నారు. ఈ పోటీ సమానమైనది కాదు. ఓడిపోయాడని వాణ్ని మాత్రమే కొట్టడం న్యాయం కాదు.

గేమ్స్ బ్యాన్ అయ్యాయి కదా?

"ఇంకా గేమ్స్ ఏంటండీ, గవర్నమెంట్ బ్యాన్ చేసింది కదా" అని గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒకాయన అన్నారు. చాలామందిలో ఈ పొరపాటు ఉంది కాబట్టి వివరంగా చెబుతాను.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. అది నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటల్ని. రమ్మీ, పోకర్, ఫాంటసీ క్రికెట్ లాంటివి నైపుణ్యమైనా, అదృష్టమైనా పందెం ఉంటే కుదరదంది. వాటి ప్రకటనలు కూడా నేరమే. మన దగ్గర తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించాయి. ఈ చట్టం వల్ల ఎన్నో కుటుంబాలకు మేలు జరుగుతుందని నా నమ్మకం. కానీ మీ పిల్లాడు వజ్రాలు కొని డ్రెస్సు వేసుకునే ఆట దీని కిందకి రాదు. అక్కడ డబ్బు పోతుంది, గెలుచుకునేది ఏమీ ఉండదు. కాబట్టి అది పందెం కాదు.

ఇంతకుముందు నిషేధాలు ఏమయ్యాయో కూడా చూశాం. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ పోయింది. 2021లో బీజీఎంఐ పేరుతో భారత్ కోసం కొత్త వెర్షన్ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ పోయింది, జూలైలో బీజీఎంఐ పోయింది, 2023 మేలో బీజీఎంఐ మళ్లీ వచ్చింది. ఇవన్నీ దేశ భద్రత, సమాచార భద్రత కారణాలతో తీసుకున్న నిర్ణయాలు, పిల్లల పెంపకం కోసం కాదు. ఒకటి పోయినప్పుడల్లా మన పిల్లలు వారం తిరక్కుండా ఇంకొకటి వెతుక్కున్నారు.

చైనా 2021లో ఇంకా గట్టి రూల్ పెట్టింది. 18 ఏళ్లలోపు వాళ్లు శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ గేమ్ ఆడాలి. బీజీఎంఐలో కూడా మైనర్లకు రోజుకు మూడు గంటల పరిమితి ఉంది. ఇలాంటి రూల్ ఏదైనా ఒక్కచోట చతికిలబడుతుంది: పిల్లవాడు ఆడేది అమ్మ ఫోన్‌లో, నాన్న ఖాతాతో, నాన్న పుట్టిన తేదీతో. మావాడి ఆట దృష్టిలో వాడి వయసు 43.

అన్నీ ఒకటి కావు

ఆటలన్నీ చెడ్డవని మాత్రం నేను అనను. మావాడి ఫ్రెండ్ ఒకడు మైన్‌క్రాఫ్ట్ ఆడతాడు. 2011లో పూర్తిస్థాయిలో వచ్చిన ఈ ఆటని తయారుచేసిన స్వీడన్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 2014లో 250 కోట్ల డాలర్లకి కొన్నది. 2023 నాటికి 30 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. అందులో రెడ్‌స్టోన్ అనే పదార్థంతో కరెంటు సర్క్యూట్ల లాంటివి కట్టవచ్చు. ఆ పిల్లాడు రెండు మీటలూ ఒకేసారి వేస్తేనే తెరుచుకునే తలుపు కట్టి నాకు చూపించాడు. అది ఆండ్ గేట్. ఇంటర్ ఫిజిక్స్‌లో మనం బట్టీ పట్టిన పాఠం. వాడికి ఆ పేరు తెలియదు, పని తెలుసు. అందులోనూ కొనమని అడిగే దుకాణం ఉంది, గంటలు గంటలు కరిగిపోయే ప్రమాదమూ ఉంది. అయినా ఆడాక వాడి దగ్గర చూపించడానికి ఒకటి మిగిలింది.

అందుకే ఏ ఆటనైనా ఇప్పుడు నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఈ ఆట ఎక్కడ అయిపోతుంది? డబ్బు ఎక్కడ అడుగుతుంది? అవతలి నుంచి మాట్లాడేది ఎవరు? మూడింటికీ జవాబు పిల్లాడు చెప్పగలిగితే ఆడనివ్వచ్చు. చెప్పలేకపోతే ముందు మనం పక్కన కూర్చుని చూడాలి.

స్కూలుకి ఒక మాట

ఇది స్కూల్ వాళ్ల పత్రిక. అయినా ఒక మాట ఇక్కడే చెప్పాలి. సాయంత్రం ఏడింటికి మావాడు ఫోన్ తీసుకునేది గేమ్ కోసం కాదు, హోంవర్క్ కోసం. హోంవర్క్ యాప్‌లో వస్తుంది, వర్క్‌షీట్ వాట్సాప్‌లో వస్తుంది, ప్రాజెక్టుకి బొమ్మలు నెట్‌లో వెతకమంటారు. ఫోన్ ఇవ్వకపోతే డైరీలో రిమార్క్, ఇస్తే పక్క బటన్‌లోనే గేమ్. తల్లి వంటగదిలోంచి "ఏం చేస్తున్నావురా" అంటే "హోంవర్క్" అనే జవాబు, సగం నిజం. ఐదో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా అయినా హోంవర్క్ పాత పద్ధతిలో డైరీలో రాయించి పంపండి. అందులో ఖర్చు లేదు.

ఇంకొకటి. మావాడు పొద్దున ఏడున్నరకి వ్యాన్ ఎక్కితే సాయంత్రం ఆరున్నరకి దిగుతాడు. పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడ్ మ్యాథ్స్ పీరియడ్ అయిపోతుంది. ఫౌండేషన్ క్లాసులు కావాలని సంతకం పెట్టింది నేనే, కాబట్టి తప్పు మీ ఒక్కరిదే అనను. కానీ ఒక రోజు మావాణ్ని "ఆ గేమ్‌లో ఏముందిరా అంతగా?" అని అడిగితే, "ఫ్రెండ్స్‌తో మాట్లాడచ్చు డాడీ, క్లాసులో మాట్లాడనివ్వరు కదా" అన్నాడు. పన్నెండేళ్ల పిల్లాడు స్నేహితుల్ని కలుసుకోవడానికి మేమంతా కలిసి వదిలిన చోటు ఒక ఫోన్ తెర. దాన్నీ లాక్కుంటే వాడికి ఏం మిగులుతుందో చెప్పే బాధ్యత మన మీద ఉంది. గేమ్స్ పీరియడ్‌ని గేమ్స్ పీరియడ్‌గా ఉంచండి. మేమూ ఆదివారం ఒక క్లాసు తగ్గించుకుంటాం.

మా ఇంట్లో ఏం చేశాం

యూపీఐ పిన్ మార్చాం. పెరుగు ప్యాకెట్‌కి ఇప్పుడు నోటు ఇచ్చి పంపుతున్నాం, చిల్లర లెక్కపెట్టడం కూడా వస్తోంది. వాడి నిజమైన వయసుతో వేరే ఖాతా తెరిచి, ఏ యాప్ వేసుకోవాలన్నా, ఏది కొనాలన్నా మా ఫోన్‌కి అనుమతి అడిగేలా పేరెంటల్ కంట్రోల్ పెట్టాం. వజ్రాలు కొనాలనిపిస్తే వాడు ముందు కాగితం మీద రూపాయల్లో రాయాలి. నెలరోజుల్లో ఒక్కసారే రాశాడు, రాసి తనే చింపేశాడు. పోయిన 1,920 రూపాయలు పండక్కి తాతయ్య, అమ్మమ్మ ఇచ్చే డబ్బుల్లోంచి కొంచెం కొంచెం తీర్చాలని ఒప్పందం.

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్లన్నీ హాల్లో చార్జింగ్‌కి. ఈ రూల్ వాడు రెండుసార్లు తప్పాడు. నేను ఎన్నిసార్లు తప్పానో వాడు క్యాలెండర్ మీద గీతలు గీసి లెక్క పెడుతున్నాడు. ఆ సంఖ్య ఇక్కడ రాయను.

ఒక హెచ్చరిక కూడా. సరదా వేరు, జబ్బు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా కొనసాగించడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉండి చదువూ, ఇల్లూ దెబ్బతింటేనే దాన్ని జబ్బంటారు. రెండు మ్యాచ్‌లకి బదులు మూడు ఆడినవాణ్ని రోగి అనకండి. అలాగే నిద్ర, తిండి, స్కూలు వదిలేసినవాణ్ని "పెద్దయితే సర్దుకుంటాడు" అని వదిలేయకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416. ఉచితం, ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

మావాడి ప్రశ్నకి నెల తర్వాత జవాబు చెప్పాను. "ఆడటం తప్పు కాదురా. మాకు తెలియకుండా డబ్బులు పెట్టడం తప్పు. తెలుసుకోకుండా ఫోన్ నీ చేతికిచ్చి పిన్ చెప్పడం మా తప్పు." వాడు కాసేపు ఆలోచించి, "అయితే మీరు కూడా సగం కట్టాలి కదా డాడీ" అన్నాడు.

960 రూపాయలు. ఒప్పుకున్నాను.

— ఏడో తరగతి విద్యార్థి తండ్రి